నీళ్లు పోయిన మూసీ

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ ఏటికి పాత పేరు ముచుకుంద. కొండ దిగి తూర్పుకు తిరిగి, లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర ఈసీని కలుపుకుని, పాతబస్తీని ఒరుసుకుంటూ పోతుంది. దాదాపు 240 కిలోమీటర్లు నడిచి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పెద్ద నదేమీ కాదు. కానీ కుతుబ్‌షాహీలు గోల్కొండ దిగి కొత్త నగరం కట్టుకున్నది దీని ఒడ్డునే. దానికి ముందే, 1578లో, ఇబ్రహీం కుతుబ్‌షా పురానాపూల్ కట్టించాడు.

1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిమీద పడింది. ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయి. ఒక చెరువు నీళ్లు ఇంకో చెరువు కట్టను కోసుకుంటూ వచ్చాయి. పదిహేను వేల మంది పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కిన నూటయాభై మంది బతికి బయటపడ్డారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఇప్పటికీ ఉంది.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి చూసి, వరదను ఊరికి పైనే ఆపాలన్నాడు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ లేచాయి. ఊరికి వరద భయం తగ్గింది, తాగే నీళ్లొచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ విడిచి పోలేరనే మాటా వచ్చింది. ఆయన చేసింది తప్పని నేననను. మురుగు పోవడానికి వేరే ఏర్పాటు కావాలని చెప్పింది కూడా ఆయనే. ఊరు పెరిగినంతగా ఆ ఏర్పాటు పెరగలేదు, తప్పంతా అక్కడుంది. పైనుంచి రావలసిన నీళ్లు కట్టల వెనక ఆగాయి. ఊళ్లోని నాలాలన్నీ ఆ ఎండిన దారిలోకే తెరుచుకున్నాయి.

ఎండాకాలంలో నయాపూల్ మీద నిలబడితే ఒక పక్క ఆసుపత్రి గుమ్మటాలు, ఎదుటి ఒడ్డున హైకోర్టు. నడుమ నల్లటి పాయ, గుర్రపుడెక్క, ముడివేసి విసిరిన ప్లాస్టిక్ కవర్లు. ఇంత అందమైన కట్టడాల మధ్య ముక్కు మూసుకుని నడవాల్సి రావడం నాకు ఎన్నిసార్లు చూసినా మింగుడుపడదు. చాదర్‌ఘాట్ దిగువన ఆ మురుగులోనే పెరిగిన గడ్డి కోసి, మోపులు కట్టి పశువుల మేతకు అమ్ముతారు.

నది పాడయ్యాక దాని ఒడ్డు పేదవాళ్లకే మిగిలింది. 2024లో మూసీని బాగుచేస్తామంటూ అధికారులు మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. నదిగర్భంలో ఉన్న ఇల్లని దానర్థం. అదే నదిలో సర్కారే కట్టిన మహాత్మాగాంధీ బస్టాండు ఉంది. 2025 సెప్టెంబరు చివర, 1908 వరద వచ్చిన రోజుల్లోనే, జంట జలాశయాల గేట్లెత్తితే ఆ బస్టాండులోకి నీళ్లొచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు.

నగరం దాటాక ఈ నీళ్లు కత్వలనే చిన్న ఆనకట్టల మీదుగా పోచంపల్లి, వలిగొండ పొలాల్లోకి పారతాయి. మడుల్లో దిగిన కూలీల కాళ్లకు దురదలు, పుండ్లు. నీళ్లు మాత్రం ఏడాది పొడుగునా వస్తాయి కాబట్టి రైతు రెండు కార్లూ వరే వేస్తాడు. ఆ మురుగు భూమిలోకీ ఇంకింది. అందుకే బోరు వేసినవాళ్లు కూడా తాగడానికి డబ్బా నీళ్లే కొనుక్కుంటున్నారు.