సంతకం కుదరని ఓటుకు రెండో అవకాశం

పోలింగ్ బూత్‌లో ఓటరు పొరబడితే అక్కడున్న సిబ్బంది వెంటనే చెబుతారు. "ఇక్కడ సంతకం పెట్టలేదండీ" అంటే పెట్టేస్తాం, అంతటితో సరి. పోస్టులో ఓటు పంపినవారికి ఆ వీలు లేదు. కవరు పరిశీలించే గదిలో వాళ్లు ఉండరు. ఈ లోటు తీర్చడానికి అమెరికాలో వచ్చిన ఏర్పాటే బ్యాలట్ క్యూరింగ్. కవరు మీద సంతకం లేకపోయినా, ఉన్న సంతకం రికార్డుతో కలవకపోయినా ఓటరుకు కబురు చేసి, సరిదిద్దుకోవడానికి గడువిస్తారు. ఎవరికి ఓటేశారన్నది మార్చుకోవడానికి కాదు. ఆ కవరు పంపింది నేనే అని చెప్పుకోవడానికి మాత్రమే.

దూరం నుంచి ఓటు వేయడం అక్కడి అంతర్యుద్ధం నాటి సంగతి. సైనికులు యుద్ధభూమి నుంచే ఓటు వేసేందుకు విస్కాన్సిన్ 1862లో చట్టం చేసింది. 1864లో లింకన్ మళ్లీ గెలిచిన ఎన్నికలో ఉత్తరాది సైనికులు ఎందరో అలా ఓటేశారు. ఆ తర్వాత చాలాకాలం ఇది సైనికులకూ రోగులకూ ఊళ్లో లేనివాళ్లకూ ఇచ్చిన వెసులుబాటుగానే ఉంది. 1978లో కాలిఫోర్నియా, అలా ఓటేయడానికి కారణం అడగడం మానేసింది. 1998లో ఓరెగాన్ ప్రజలు ఎన్నికలన్నీ పోస్టులోనే జరగాలని తీర్పిచ్చారు. ఓటరు మొహం చూడకుండానే ఓటు తీసుకుంటున్నప్పుడు, మనిషిని గుర్తుపట్టే భారమంతా కవరు మీది సంతకం మోయాల్సి వచ్చింది.

ఓటరుకు చెప్పకుండా కవరు పక్కన పడేయడం న్యాయమా అన్న ప్రశ్న 1990లోనే అరిజోనాలో ఫెడరల్ కోర్టుకెక్కింది. తిరస్కరించిన ఓటు గురించి ఓటరుకు తెలియజేయాలి, అతని మాట వినాలి అని కోర్టు చెప్పింది. కానీ దేశమంతా ఆ మాట పట్టించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

2004లో వాషింగ్టన్ రాష్ట్ర గవర్నర్ ఎన్నిక ఆ లోపాన్ని అందరికీ కళ్లకు కట్టింది. మొదటి లెక్కింపులో అభ్యర్థి డినో రోసీ 261 ఓట్ల ఆధిక్యంలో ఉన్నారు. చేత్తో మళ్లీ లెక్కిస్తుండగా, కింగ్ కౌంటీ కౌన్సిల్ అధ్యక్షుడు లారీ ఫిలిప్స్‌కు తిరస్కరించిన ఓటర్ల జాబితాలో తన పేరే కనిపించింది. ఆయన సంతకం సరిగానే పెట్టారు. పాత సంతకం కంప్యూటర్లో దొరక్కపోవడంతో సిబ్బంది ఆ ఓటును పక్కన పెట్టేశారు. ఆరా తీస్తే అలాంటివి వందల్లో బయటపడ్డాయి. వాటిని పరిశీలించవచ్చని రాష్ట్ర సుప్రీంకోర్టు అనుమతించింది. చివరికి రోసీ ప్రత్యర్థి క్రిస్టీన్ గ్రెగోయిర్ 129 ఓట్ల తేడాతో గెలిచారు. కౌన్సిల్ అధ్యక్షుడికే తన ఓటు పోయిందని తెలియలేదంటే మామూలు ఓటరు సంగతి ఏం చెప్పాలి?

నా దృష్టిలో అన్నిటికన్నా బాధ కలిగించేది న్యూహాంప్‌షైర్ కేసు. 2016లో తొంభై దాటిన, చూపు లేని ఒక ఓటరుకు ఫారం నింపడంలో భర్త సాయం చేశారు. చట్టం అందుకు ఒప్పుకుంటుంది. అయినా సంతకాలు కలవలేదని ఓటు కొట్టేశారు. కనీసం ఆమెకు చెప్పలేదు. చేతిరాత పోల్చడంలో శిక్షణ లేని స్థానిక అధికారి మాటే అక్కడ చివరి మాట. 2018లో ఫెడరల్ కోర్టు ఆ పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. ఫ్లోరిడాలో 2016 దాకా మరీ విడ్డూరం: సంతకమే పెట్టనివారు సరిదిద్దుకోవచ్చు, పెట్టినా కలవనివారికి ఆ అవకాశం లేదు. ఆ తేడాను కూడా ఫెడరల్ జడ్జి మార్క్ వాకర్ కొట్టేశారు.

2020లో కరోనా వల్ల దాదాపు 43 శాతం మంది పోస్టు ద్వారా ఓటేశారు. తిరస్కరణ ఒక శాతం లోపే, అయినా సంఖ్యలో అది ఐదు లక్షలు దాటింది. కారణాల్లో మొదటిది సంతకం కలవకపోవడం. కొలరాడోలో ఇప్పుడు ఓటరు ఫోన్ నుంచే సరిదిద్దుకోవచ్చు, పోలింగ్ తర్వాత 8 రోజుల వరకూ గడువుంది. 2022లో అదే రాష్ట్రంలో లారెన్ బోబర్ట్ 546 ఓట్ల తేడాతో గెలిచిన కాంగ్రెస్ ఎన్నికలో ఇరుపక్షాలవాళ్లూ ఇలాంటి ఓటర్లను వెతుక్కుంటూ వెళ్లారు. పెన్సిల్వేనియాలో మాత్రం కౌంటీకో పద్ధతి నడిచింది. ఒకే రాష్ట్రంలో ఇల్లున్న చోటును బట్టి ఓటు దక్కడమో పోవడమో జరగడం అన్యాయం.

మన దగ్గర ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులు పోస్టల్ బ్యాలట్‌తో పాటు 13ఏ డిక్లరేషన్ ఇవ్వాలి. దాని మీద ధ్రువీకరించే అధికారి సంతకం ఉండి, పేరూ ముద్రా లేకపోతే ఓటు చెల్లుతుందా అన్న వివాదం 2024లో ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సంతకం చాలన్న ఎన్నికల సంఘం నిర్ణయంలో కోర్టులు జోక్యం చేసుకోలేదు. కానీ డిక్లరేషన్‌లో సంతకమే లేకపోతే లోపలి కవరు తెరవకుండా ఓటు కొట్టేస్తారు. ఓటరును పిలిచి అడిగే ఏర్పాటు మన నిబంధనల్లో లేదు. ఉండాలి.

అమెరికా పౌరులైన తెలుగువారికి ఒక మాట. ఏళ్ల కిందట డ్రైవింగ్ లైసెన్సు కోసం పెట్టిన సంతకం, ఇప్పుడు కవరు మీద పెట్టే సంతకం ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. ఓటరు రికార్డులో మీ ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉండేలా చూడండి. ఎన్నికల కార్యాలయం నుంచి ఉత్తరం వస్తే ఆ రోజే జవాబివ్వండి. గడువు దాటితే ఆ ఓటును ఎవరూ లెక్కించరు.