చేప పడకపోయినా...

పదవీ విరమణ తర్వాత ఏ పని మొదలుపెట్టినా మనకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "దానివల్ల ఏమొస్తుంది?" ఇంగ్లండు గాలపు వేట చరిత్ర చదువుతుంటే దీనికి నాకొక జవాబు దొరికింది.

ఈకలు, దారంతో ఈగను పోలిన ఎరను గాలానికి కట్టి, నీటిపై సుతారంగా వాలేట్లు విసిరి చేపను పట్టడమే ఫ్లై ఫిషింగ్. 1496లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చయిన గాలపు వేట గ్రంథాన్ని జూలియానా బర్నర్స్ అనే సన్యాసిని రచించిందని ప్రతీతి. పన్నెండు రకాల ఈగల ఎరలను వివరించిన ఆ గ్రంథమే, చేప పడకపోయినా నడక, మంచి గాలి, పూల పరిమళం, పక్షుల పాట దక్కుతాయని చెప్పింది. అతిగా పట్టవద్దనీ హెచ్చరించింది.

ఐజాక్ వాల్టన్ లండన్‌లో బట్టల వర్తకుడు. అంతర్యుద్ధంలో ఆయన అభిమానించిన రాజపక్షం ఓడింది; 1649లో రాజుకు శిరచ్ఛేదం జరిగింది. అటువంటి రోజుల్లో, 1653లో, దాదాపు అరవయ్యో ఏట ఆయన 'ది కంప్లీట్ యాంగ్లర్' ప్రచురించారు. 1676 ముద్రణకు ఫ్లై ఫిషింగ్ భాగాన్ని చేర్చినది ఆయనకంటే 37 ఏళ్లు చిన్నవాడైన మిత్రుడు చార్లెస్ కాటన్. డవ్ నది ఒడ్డున కాటన్ 1674లో కట్టించిన చిన్న ఇంటి గుమ్మంపై ఇద్దరి పొడి అక్షరాలూ పెనవేసుకొని ఉన్నాయి.

వారు ఎన్ని చేపలు పట్టారో ఎవరూ లెక్క అడగరు. మిగిలినవి ఆ పుస్తకం, ఆ స్నేహం. మిత్రులారా! పదవి పోయాక మనకు దక్కవలసినవీ ఇటువంటివే కదా!