స్తంభాల నడుమ వదిలిన చోటు

సింగపూర్ అనగానే మనవైపు వాళ్లకు సముద్రపొడ్డున మెరిసే హోటళ్లే గుర్తొస్తాయి. ఈ దేశ చరిత్ర మాత్రం హౌసింగ్ బోర్డు కట్టిన ఇళ్లలో ఉంది. 1960లో బోర్డు ఏర్పడేనాటికి ఎంతోమంది ఆకుకప్పు గుడిసెల్లోనూ, కిక్కిరిసిన పాత దుకాణాల మీది గదుల్లోనూ బతికేవారు. 1961 మే 25న బుకిట్ హో స్వీ బస్తీ అగ్గిపాలై దాదాపు 16 వేల మంది కట్టుబట్టలతో మిగిలారు. మొదటి ఐదేళ్లలోనే బోర్డు 50 వేలకు పైగా ఇళ్లు కట్టింది. నేడు ఇక్కడ స్థిరపడ్డవారిలో పదిమందికి సుమారు ఎనిమిది మంది అలాంటి ఇళ్లలోనే ఉంటున్నారు.

ఒకే అచ్చులో పోసినట్టుండే ఈ ఇళ్లను కళ అనవచ్చా? సైకిల్ షెడ్డు వట్టి కట్టడమనీ, లింకన్ కెథడ్రల్ వాస్తుకళ అనీ కళాచరిత్రకారుడు నికోలస్ పెవ్స్‌నర్ గీత గీశాడు. ఆ గీతతో నేను ఏకీభవించను. బొమ్మ ముందు మనం నిలబడతాం, భవనంలో తిరుగుతాం. సింహాచలంలోనూ ఎండలోంచి మండపం నీడలోకి, అక్కణ్ణుంచి గర్భగుడి మసక వెలుగులోకి నడిచేటప్పుడు శిల్పం సంగతి కంటికి తెలిసేలోపే ఒంటికి చల్లదనం తెలుస్తుంది, గొంతు దానంతటదే తగ్గుతుంది. అలా మన నడకనూ మాటనూ మార్చడమే ఈ కళ చేసే పని.

1970ల నుంచి బోర్డు చాలా భవనాల్లో కింది అంతస్తును ఇళ్లు కట్టకుండా వదిలేసింది. దాన్ని వాయిడ్ డెక్ అంటారు. స్తంభాలు, నున్నటి గచ్చు, చదరంగం గళ్లున్న బల్ల, నాలుగు పీటలు. వాన పడదు, గాలి ఆడుతుంది. లిఫ్టుకు వెళ్లాలంటే దాని మీదుగానే నడవాలి కాబట్టి ఇరుగుపొరుగు ఎదురుపడక తప్పదు. ఒకరోజు అక్కడే మలయ్ వాళ్ల పెళ్లి భోజనాలు, మరోరోజు చైనీయుల ఇంట పోయినవారి దగ్గర జాగారం. మన విశాఖ కంచరపాలెంలో పాత ఇళ్లు పడగొట్టి కడుతున్న అపార్ట్‌మెంట్ల కిందా అవే స్తంభాలు, అదే శ్లాబు ఉంటాయి. కానీ ఆ చోటంతా బళ్లకే. వీధి అరుగు పోయింది, దాని బదులు కూర్చునే చోటు రాలేదు. సామగ్రి ఒకటే అయినప్పుడు తేడా తెచ్చింది ఆలోచన. దాన్నే నేను కళ అంటున్నాను.

అవసరం కోసం కట్టినదాన్ని కళ అనడమేమిటని అడగవచ్చు. ఛందస్సు కట్టడి చేసినంత మాత్రాన పద్యం కవిత్వం కాకుండా పోలేదు. ఖర్చూ స్థలమూ భవనానికి అలాంటి కట్టుబాట్లే. ఇంతకంటే గట్టి ఆక్షేపణ మరొకటుంది: ఈ ఇళ్లతో ప్రభుత్వం మనుషుల పొందికనే శాసించింది. పాత పల్లెలు చెదిరిపోయాయి. 1989 నుంచి ఏ భవనంలో ఏ జాతివారు ఎంతమంది ఉండాలో కోటా పెట్టింది. ఇది నిజం. అయితే కట్టడానికి మన మీద ఇంత పట్టు ఉందని ఒప్పుకుంటేనే ఆ పట్టును ప్రశ్నించగలం. ఇల్లు వట్టి సరుకనుకుంటే చదరపు అడుగు ధర తప్ప అడగడానికేమీ మిగలదు. కళ అనుకుంటే, కంచరపాలెం మెట్టు దగ్గర ప్లాను గీసే ఇంజినీరును కూడా అడగవచ్చు: ఇందులో మనుషులు కలుసుకునేది ఎక్కడ?