డ్రాప్‌డౌన్ జాబితా

డ్రాప్‌డౌన్ జాబితా అనేది ముందుగా నిర్ణయించిన కొన్ని విలువలలో నుండి ఒకదానిని ఎంచుకొనడానికి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లలోనూ, వెబ్ పేజీలలోనూ ఉపయోగించే ఒక సాధనం. మామూలుగా ఇది ఒకే వరుస కనిపించే పెట్టె రూపంలో ఉంటుంది. చివరనున్న బాణపు గుర్తును నొక్కితే జాబితా తెరుచుకొంటుంది. ఒక అంశాన్ని ఎంచుకోగానే జాబితా మూసుకొని, ఆ అంశం పెట్టెలో నిలుస్తుంది. వాడుకరి తన ఇష్టం వచ్చినట్లు టైపు చేయకుండా, సమాధానాన్ని జాబితాలోని విలువలకే పరిమితం చేయడం దీని ముఖ్య ప్రయోజనం.

ఆవశ్యకత

ఒకే విషయాన్ని పలువురు పలు విధాలుగా వ్రాస్తారు. ఉదాహరణకు ఊరి పేరు అడిగితే ఒకరు విశాఖపట్నం అనీ, మరొకరు విశాఖ అనీ, ఇంకొకరు వైజాగ్ అనీ వ్రాయవచ్చు. చదివే మనిషికి ఈ మూడూ ఒకటే. కంప్యూటరుకు మాత్రం మూడూ వేర్వేరు పేర్లు. అందువలన ఆ ఊరివారు ఎందరో లెక్కించినప్పుడు మొత్తం మూడు ముక్కలవుతుంది. అలాగే 5-6-2010 అనే తేదీని భారతదేశంలో జూన్ 5గా, అమెరికాలో మే 6గా చదువుతారు. నెల పేరును జాబితా నుండి ఎంచుకొనే ఏర్పాటు ఉంటే ఈ సందేహానికి తావుండదు.

రకాలు

టైపు చేసే పెట్టె, జాబితా కలిసి ఉన్న సాధనాన్ని కాంబో బాక్స్ అంటారు. 1998లో వెలువడిన విజువల్ బేసిక్ 6.0లో స్టైల్ అనే గుణాన్ని బట్టి ఇది మూడు విధాలుగా పనిచేస్తుంది.

* 0 - డ్రాప్‌డౌన్ కాంబో: జాబితా నుండి ఎంచుకోవచ్చు, కొత్త విలువను టైపు చేయవచ్చు.
* 1 - సింపుల్ కాంబో: జాబితా ఎప్పుడూ తెరిచే ఉంటుంది, టైపు కూడా చేయవచ్చు.
* 2 - డ్రాప్‌డౌన్ లిస్ట్: జాబితాలోని అంశాలను మాత్రమే ఎంచుకొనవలెను.

2002లో వచ్చిన డాట్‌నెట్‌లో ఇదే గుణాన్ని డ్రాప్‌డౌన్‌స్టైల్ అన్నారు. ఈ రెండింటిలోనూ ప్రోగ్రామరు ప్రత్యేకంగా మార్చనంత వరకు టైపు చేయడానికి అనుమతి ఉంటుంది.

మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో లిమిట్ టు లిస్ట్ అనే గుణం ఇదే పని చేస్తుంది. ఎక్సెల్‌లో డేటా వాలిడేషన్ ద్వారా గడికి జాబితాను జోడించవచ్చు. అక్కడ ఉన్న మూడు రకాల హెచ్చరికలలో స్టాప్ అనేది మాత్రమే తప్పు విలువను నిలిపివేస్తుంది. మిగిలిన రెండూ హెచ్చరించినా, వాడుకరి కోరితే ఆ విలువను అంగీకరిస్తాయి.

వెబ్ పేజీలలో సెలెక్ట్ అనే మూలకంతో చేసిన జాబితాలో టైపు చేసి కొత్త విలువను చేర్చడం కుదరదు. 2014లో ప్రమాణంగా ఆమోదం పొందిన హెచ్‌టీఎంఎల్ 5లోని డేటాలిస్ట్ మూలకం సూచనలను చూపుతుందే గాని, వాటికే పరిమితం చేయదు.

నియంత్రణ పద్ధతులు

కొందరు ప్రోగ్రామర్లు టైపు చేయడానికి వీలున్న కాంబో బాక్స్‌నే ఉంచి, మీటలు నొక్కినప్పుడు వచ్చే అక్షరాలను ప్రోగ్రాము ద్వారా అడ్డుకొంటారు. ఈ పద్ధతిలో రెండు లోపాలున్నాయి. మౌస్‌తో పేస్ట్ చేసిన విలువ లోపలికి వచ్చే అవకాశం మిగిలిపోతుంది. అంతేగాక అన్ని మీటలనూ అడ్డుకొంటే, మౌస్ వాడలేనివారు, తెరపై ఉన్నదానిని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడే అంధులు ఆ జాబితాను ఉపయోగించుకోలేరు. డ్రాప్‌డౌన్ లిస్ట్ రకంలో బాణపు మీటలతో జాబితాలో కదలవచ్చు. మొదటి అక్షరం నొక్కి ఆ అక్షరంతో మొదలయ్యే అంశానికి చేరవచ్చు. కావున టైపును నిరోధించడానికి ఈ రకాన్ని ఎంచుకొనడమే సరియైన మార్గం.

తెరపై విధించిన నియంత్రణ ఒక్కటే చాలదు. వెబ్ పేజీలోని జాబితా వాడుకరి కంప్యూటరులో ఉంటుంది గనుక, బ్రౌజరులోని సాధనాలతో దానిని మార్చి పంపవచ్చు. ఎక్సెల్‌లో కూడా వేరొక గడిని పేస్ట్ చేస్తే నియంత్రణ చెరిగిపోవచ్చు. అందువలన వచ్చిన విలువ నిజంగా జాబితాలోనిదేనా అని సర్వరులోనూ, డేటాబేసులోనూ మరల పరిశీలించవలెను.

పరిమితులు

జాబితా అక్షరదోషాలను నివారించగలదు గాని, సమాధానం నిజమని హామీ ఇవ్వలేదు. ములుగు పట్టణం ఇందుకు మంచి ఉదాహరణ. ఇది 2016 అక్టోబరు 11 వరకు వరంగల్ జిల్లాలోను, ఆ తరువాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను ఉండి, 2019 ఫిబ్రవరిలో ప్రత్యేక జిల్లాకు కేంద్రమైనది. పాత జాబితాను మార్చకుండా ఉంచిన దరఖాస్తులో ఆ ఊరివారు తమది కాని జిల్లాను ఎంచుకొనక తప్పదు. ఖాళీగా వదిలితే దరఖాస్తు ముందుకు సాగదు. అలా నమోదైన విలువలో అక్షరదోషం ఉండదు గనుక, అది తప్పని తరువాత పరిశీలించేవారికి తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాల సంఖ్య 13 నుండి 26కు పెరిగినప్పుడు కూడా జాబితాలను మార్చవలసిన అవసరం ఏర్పడింది.

లింగాన్ని తెలిపే జాబితాలు మరొక ఉదాహరణ. 2011 జనాభా లెక్కలలో స్త్రీ, పురుషులతో పాటు ఇతరులు అనే మూడవ సంకేతాన్ని కూడా ఇచ్చారు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడవ లింగంగా గుర్తించింది. రెండే అంశాలున్న జాబితా వీరిచేత తమది కాని సమాధానాన్ని చెప్పిస్తుంది.

జాబితా మొదటి అంశం వలన కూడా పొరపాట్లు జరుగుతాయి. దేశాల జాబితా ఆఫ్ఘనిస్తాన్‌తో మొదలై, అదే ముందుగా ఎంపికై ఉంటే, చూడకుండా దాటిపోయిన ప్రతివారూ ఆ దేశస్థులుగా నమోదవుతారు.

పాటించదగిన సూత్రాలు

* మొదటి అంశంగా "ఎంచుకోండి" అని ఉంచి, దానిని సమాధానంగా అంగీకరించరాదు.
* సమాధానాలన్నీ ముందుగా తెలియనప్పుడు "ఇతరములు" అనే అంశాన్ని, వివరం వ్రాయడానికి ఒక పెట్టెను ఇవ్వవలెను.
* మనుష్యుల పేర్ల వంటి అనంతమైన విషయాలకు జాబితా తగదు.
* పాత విలువలను తొలగించక, కొత్త నమోదులలో మాత్రం కనిపించకుండా చేయవలెను. లేనిచో పాత రికార్డులు అర్థం కోల్పోతాయి.

ఇవి కూడా చూడండి

* డేటాబేసు
* హెచ్‌టీఎంఎల్
* విజువల్ బేసిక్