కర్ర మడమ నుంచి పాలిమర్ మడమకు: రైఫిళ్ల మన్నిక చరిత్ర

ఎన్నికల రోజుల్లో వికారాబాద్ జంక్షన్‌లోనో తాండూరు బస్టాండులోనో బందోబస్తు పోలీసులను మీరు చూసే ఉంటారు. కొందరి రైఫిల్ మడమ నున్నటి కర్రతో చేసింది. మరికొందరిది నల్లటి ప్లాస్టిక్. ఈ రెంటి మధ్య సుమారు అరవై ఏళ్ల చరిత్ర ఉంది. 'కర్ర గట్టిదా, ప్లాస్టిక్ గట్టిదా?' అన్న ప్రశ్నతో ఆ చరిత్రను చదవబోతే మీకు జవాబు దొరకదు. ఏ భాగంలో వాడారు, ఎలాంటి వాతావరణంలో వాడారు అని అడగండి.

పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం 20వ శతాబ్దం ఆరంభం నుంచి లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను తయారు చేసింది. మన పోలీసులు 'త్రీ నాట్ త్రీ' అనేది వీటినే. ఆ తరువాత అక్కడే తయారైన ఎస్‌ఎల్‌ఆర్‌కు కూడా కర్ర మడమే. కర్ర వానకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుపోతుంది. ఉబ్బిన కర్ర బారెల్‌ను ఒత్తితే గురి తప్పుతుంది. పైగా ప్రతి మడమనూ కోసి, చెక్కి, సరిచూడాలి. ప్లాస్టిక్‌నైతే అచ్చులో పోస్తే చాలు. మన్నిక కోసమే ప్లాస్టిక్ వచ్చిందని చాలామంది అనుకుంటారు. నా అంచనాలో తేలిక, చౌక, అన్నీ ఒకే కొలతలో రావడం ముందు వచ్చిన కారణాలు. మన్నిక పాఠాలు తరువాత, దెబ్బలు తిన్నాకే వచ్చాయి.

1959లో అమెరికాలో రెమింగ్టన్ సంస్థ డ్యూపాంట్ వారి నైలాన్‌తో 'నైలాన్ 66' అనే చిన్న రైఫిల్‌ను తెచ్చింది. అది పది లక్షలకు పైగా తయారైంది. 1960లలో ఎం-16 వచ్చాక సైన్యాలూ అదే దారి పట్టాయి.

మన దేశపు అనుభవం ఇన్సాస్ రైఫిల్‌ది. పుణెలోని ఏఆర్‌డీఈ రూపొందించిన ఈ రైఫిల్ 1990ల చివర్లో సైన్యం చేతికి వచ్చింది. 1999 కార్గిల్ యుద్ధంలో, మంచు ఎత్తుల్లో దాని ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగులుతున్నాయన్న ఫిర్యాదులు వచ్చాయి. మ్యాగజైనే ఎందుకు? తూటాలను పట్టి ఉంచే దాని పై అంచులు సన్నగా ఉంటాయి. లోపలి స్ప్రింగ్ వాటిని ఎప్పుడూ పైకి నెడుతూనే ఉంటుంది. పాలిమర్ అంటే పొడవైన అణువుల గొలుసు. చలి పెరిగితే ఆ గొలుసులు కదలలేక బిగుసుకుపోతాయి. అప్పుడు దెబ్బ తగిలితే వంగే బదులు విరుగుతాయి. మడమ మందంగా ఉంటుంది, దానిపై అలాంటి ఒత్తిడి నిరంతరం ఉండదు. కనుక తాండూరు ఎండలో నిలిచిన మ్యాగజైన్ ద్రాస్ చలిలోనూ నిలుస్తుందన్న హామీ లేదు.

వేడి కథ వేరు. జర్మనీ సైన్యం 1997లో జి-36 రైఫిల్‌ను తీసుకుంది. బారెల్‌ను పట్టి ఉంచే లోహపు దిమ్మ అందులో ప్లాస్టిక్ దేహంలోనే ఇమిడి ఉంటుంది. కాల్చీ కాల్చీ వేడెక్కితే గురి చెదురుతోందని 2015లో ఆ దేశ రక్షణ శాఖ చెప్పింది. వివాదం కోర్టుకెక్కింది. 2016లో కోబ్లెంజ్ న్యాయస్థానం తయారీదారైన హెక్లర్ అండ్ కోఖ్ పక్షాన తీర్పు చెప్పింది. ఒప్పందంలో అడిగిన ప్రమాణాలను రైఫిల్ అందుకుందన్నది దాని సారాంశం. ఇక్కడ కాస్త ఆగండి. కొనేవాడు ఎంత వేడికి తట్టుకోవాలో ముందే రాయకపోతే, మన్నిక లేదని తరువాత ఎవరిని నిలదీస్తాడు?

ఎండ సంగతి మీ ఇంటి ముందే ఉంది. వాకిట్లో వదిలేసిన రంగు ప్లాస్టిక్ కుర్చీ కొన్ని వేసవులకే పెళుసెక్కి విరుగుతుంది. కంది చేలోని నల్ల డ్రిప్ పైపు చాలా ఏళ్లు ఉంటుంది. అతినీలలోహిత కిరణాలు పాలిమర్ గొలుసులను తెంపుతాయి, పైపులో కలిపిన మసి ఆ కిరణాలను అడ్డుకుంటుంది. రైఫిల్ భాగాల నలుపు వెనుకా చాలాసార్లు ఇదే కారణం. బలం కోసం నైలాన్‌లో గాజు పోగులూ కలుపుతారు.

2024 జనవరిలో ఏఆర్‌డీఈ, హైదరాబాద్‌కు చెందిన ద్వీపా ఆర్మర్ సంస్థ కలిసి 'ఉగ్రమ్' అనే 7.62 మిల్లీమీటర్ల రైఫిల్‌ను ముందుకు తెచ్చాయి.

ఈ చరిత్రకు ఆధారాలు ఎక్కువగా ఫిర్యాదులే. పగిలిన మ్యాగజైన్ గురించి కాగితం పుడుతుంది, పగలనిదాని గురించి ఎవరూ రాయరు. మీ ఊళ్లో ఉద్యోగ విరమణ చేసిన సైనికుడో పోలీసో ఉంటే, కర్ర మడమనూ ప్లాస్టిక్ మడమనూ మోసిన అనుభవం అడిగి, తేదీ వేసి రాసుకోండి.