ఆ కుర్చీ భోగిమంటకి కాదు

ఒరేయ్ చంటీ, ఆ కుర్చీ మంటలో వెయ్యకు. ఇలా తెచ్చి పక్కన పెట్టు. పిడకల దండలున్నాయి, ఎండిన కొబ్బరి మట్టలున్నాయి, భోగికి అవి చాల్లే. తెల్లవారడానికి ఇంకా టైముంది. అందరూ మంట దగ్గరికి జరగండి, ఈ కుర్చీ సంగతి చెబుతాను.

చెయ్యి ఆన్చేచోట చూడు. పైన లేత నీలం కదా, అది మీ నాన్న పెళ్ళికి వేయించింది. అది అరిగిపోయినచోట ఆకుపచ్చ కనిపిస్తోందా? మా చెల్లెలి పెళ్ళినాటిది. ఇదిగో, ఈ మూల ఇంకా లోపల ఇటుకరాయి రంగు తేలింది చూశావా, అది రెడ్ ఆక్సైడ్, అడుగు పూత. దాని కింద ఉన్నది మామిడి చెక్క. ఇంట్లో పెళ్ళి కుదిరిందంటే గోడలకి సున్నం, కిటికీలకి రంగు. డబ్బా అడుగున మిగిలిన రంగు పారబోయడానికి ఎవరికి చేతులొస్తాయి? కుర్చీలకీ స్టూళ్ళకీ పూసేసేవారు. అందుకే అప్పట్లో ఏ ఇంటికెళ్ళినా కిటికీ రంగూ స్టూలు రంగూ ఒకటే.

టేకుకి మాత్రం రంగు వేసేవారు కాదు. వేస్తే ఊరంతా నవ్వేది. మీ ముత్తాత రంగం, అంటే రంగూన్, వెళ్ళొచ్చాడు. కాకినాడలో ఓడెక్కి బర్మా వెళ్ళి, బియ్యం మిల్లుల్లోనూ కలప అడితుల్లోనూ పనిచేసిన తెలుగువాళ్ళు వేలమంది. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు రంగం మీద బాంబులేస్తే, ఉన్నదంతా అక్కడే వదిలేసి అడవులూ కొండలూ పడి నడిచొచ్చినవాళ్ళున్నారు. ఈయన అంతకుముందే ఒక టేకు పెట్టెతో ఇల్లు చేరాడు, అదృష్టం. ఆ పెట్టెకి పాలిష్ పెట్టడం నేను కళ్ళారా చూశాను. లక్క పెచ్చులు స్పిరిట్‌లో నానేసి, అందులో దూది పెట్టిన గుడ్డ ఉండ ముంచి, చెయ్యి ఆపకుండా గుండ్రంగా రుద్దేవారు. ఒక పూత ఆరాక ఇంకో పూత. రోజుల తరబడి అదే పని. చివరికి చెక్కలో గీతలన్నీ తేలి, పెట్టె అద్దంలా మెరిసేది.

మామిడి, వేప చెక్కలకి అంత భాగ్యం ఎక్కడిది! ముళ్ళున్నచోట లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, పైన ఎనామిల్ పూసేవారు. చవక చెక్కని నలుగురి కళ్ళబడకుండా దాచడానికే ఆ రంగు. టేకు పడక కుర్చీ వీధి సావిట్లో ఉండేది, రంగేసిన కుర్చీ వంటింటి వసారాలో. ఎవరు దేంట్లో కూర్చోవాలో ఒకరు చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు.

తరవాత స్టీలు బీరువాలొచ్చాయి, ఆ వెనక ప్లాస్టిక్కు కుర్చీలొచ్చాయి. వ్యాన్లలో పాత సామాను కొనేవాళ్ళొచ్చి టేకు పెట్టెలూ చెక్కిన ద్వారబంధాలూ ఏరుకుపోయారు. రంగేసిన వాటిని ముట్టుకోలేదు. అవన్నీ ఏటేటా ఇలా భోగిమంటకే వెళ్ళాయి. మన వీధిలో ఎన్ని కుర్చీలు, ఎన్ని ఉయ్యాలతొట్లు పోయాయో!

మీ అత్త దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు నన్నొక కొట్టుకి తీసుకెళ్ళింది. తెల్లరంగు పెచ్చులూడిన సొరుగుల బల్ల ఒకటి దీపాల వెలుగులో పెట్టారు. రిపేరుకి వచ్చిందేమో అనుకున్నా. ధర చీటీ చూస్తే పక్కనున్న కొత్త బల్ల కన్నా ఎక్కువ! ఇదేం చోద్యమే అంటే, దీన్ని షాబీ షిక్ అంటారు నాన్నా అంది.

దాని కథ కూడా మీ అత్తే చెప్పింది. రేచల్ ఆష్వెల్ అని ఇంగ్లండులో పుట్టినావిడ 1989లో కాలిఫోర్నియాలో, శాంటా మోనికాలో కొట్టు పెట్టింది. పిల్లలున్న ఇల్లు కదా, సోఫాలకి ఉతుక్కోడానికి వీలుగా వదులు తొడుగులు, వాటి పక్కన పాత బజార్లలో దొరికిన రంగు వెలిసిన బల్లలు. ఇంగ్లండు పల్లెల్లో పెద్ద బంగళాల వాళ్ళు పూల గుడ్డలు వెలిసిపోయినా మార్చరట, పాతబడటమే వాళ్ళకి దర్జా. ఆ దర్జాని ఈవిడ మామూలు ఇళ్ళకి తెచ్చింది. 1990లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఆనీ స్లోన్ అనే ఆవిడ చాక్ పెయింట్ తెచ్చింది. చాలామటుకు గీకుడూ అక్కర్లేదు, ప్రైమరూ అక్కర్లేదు, పాత చెక్క మీద నేరుగా పూయొచ్చు. మెరుపు లేకుండా సుద్దలా ఆరుతుంది, పైన మైనం రుద్దుతారు. అంతే, ఇంట్లో ఆడవాళ్ళే బ్రష్షు పట్టుకుని పాత బల్లలన్నిటికీ రంగు వేసేయడం మొదలుపెట్టారు.

ఇంకా వెనక్కి వెళితే స్వీడన్ రాజు గుస్తావ్ కథ ఉంది. మూడో గుస్తావ్ అంటారు. 1771లో తండ్రి పోయేనాటికి పారిస్‌లో ఉన్నాడు. అక్కడి రాజభవనాల సామాను మీద మోజుపడి, ఆ తీరు తన దేశానికి పట్టుకొచ్చాడు. అక్కడ చవగ్గా దొరికేది పైన్ చెక్క. దాని మీద బూడిదరంగు తెలుపూ, లేత నీలమూ పూశారు. చలికాలం అంతా చీకటే కదా వాళ్ళకి, లేతరంగైతే ఉన్న కాస్త వెలుతురూ గదిలో నిలుస్తుంది. పాపం, 1792లో మారువేషాల విందులో ఆ రాజుని తుపాకీతో కాల్చారు, ఆ గాయంతోనే పోయాడు. ఆయన నాటి కుర్చీలు మాత్రం ఇప్పటికీ వేలంలో మంచి ధర పలుకుతున్నాయి. చూశారా, అక్కడా రంగు వేసింది చవక చెక్క మీదే.

మన దగ్గర పరువుగా రంగేసిన చెక్క లేదా అంటే, నిర్మల్ ఉంది. అక్కడి నకాషీలు నల్లటి నేల మీద బంగారు తీగలు దింపిన బల్లలు చేసేవారు. హైదరాబాదులో పెద్దింటివాళ్ళు కొనేవారు. మన వసారాకి అవి రాలేదు.

మళ్ళీ ఆ షాబీ షిక్ సంగతికొస్తే, పాత సామాను లేనివాళ్ళు పాతదనాన్ని తయారుచేసుకుంటున్నారట, అది ఇంకా తమాషా. కింద ఒక రంగు వేసి, అంచులకి కొవ్వొత్తి రుద్ది, పైన ఇంకో రంగు వేస్తారు. మైనమున్నచోట పైరంగు అంటుకోదు, గరుకు కాగితం పెడితే ఊడొస్తుంది. నాకైతే చూడగానే తెలిసిపోయింది. నాలుగు మూలలా ఒకేలా అరిగితే అది అబద్ధం. మన కుర్చీ చూడు, కుడిచెయ్యి ఎక్కువ అరిగింది, ముందు కాళ్ళ మధ్య అడ్డకర్ర మీద మడమలు పెట్టినచోట గుంటపడింది. వెనకవైపు నీలం నిన్న వేసినట్టుంది.

అయినా వాళ్ళ మోజుని నేను వెక్కిరించను. కొత్త టేబులున్న ఇంట్లో కాఫీ గ్లాసు కింద పెట్టాలంటే భయం, మరక పడుతుందేమోనని. గీతలు పడిన బల్ల దగ్గర ఏ పిల్లాణ్ణీ ఎవరూ కసరరు. డబ్బిచ్చి కొనుక్కుంటున్నది ఆ నిశ్చింతే అని నా లెక్క.

ఇప్పుడు అసలు మాట, జాగ్రత్తగా వినండి. ఆ రోజుల్లో ఎనామిల్ రంగుల్లో సీసం కలిసేది, త్వరగా ఆరాలనీ, రంగు పచ్చగా ఎర్రగా నిలవాలనీ. అమెరికాలో ఇళ్ళకి వేసే రంగుల్లో దాన్ని 1978లోనే ఆపేశారు. మన దేశంలో 2017 నవంబరు నుంచి పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకి మించి సీసం ఉండకూడదని రూలొచ్చింది. అంతకుముందు రంగేసిన చెక్కని కాలిస్తే ఆ సీసం పొగలోనూ బూడిదలోనూ ఉంటుంది, భోగిమంట చుట్టూ మీరే ఉంటారు. సరదా పడి కుర్చీ గీకాలనుకుంటే పొడిగా గీకొద్దు. తడిపి, ఆరుబయట, మంచి మాస్కు పెట్టుకుని గీకండి. పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తియ్యండి. ఆ దగ్గరికి చిన్నపిల్లల్ని రానివ్వొద్దు. పాత రంగున్న ఉయ్యాలతొట్టి ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే, ఎంత ముద్దుగా ఉన్నా సరే, చంటిపిల్లని అందులో పడుకోబెట్టకండి. పిల్లలు అంచులు కొరుకుతారు.