ఢోలక్‌పూర్ వీరుడి పుట్టుపూర్వోత్తరాలు

బొమ్మల పుస్తకం అనే మాట వినగానే మన పండితులు మొహం చిట్లిస్తారు. అది పిల్లల సరుకనీ, సాహిత్యచరిత్రలో దానికి చోటులేదనీ వారి తీర్పు. కాని సినిమావాళ్లను పక్కనపెట్టి, ఈ పాతికేళ్లలో హైదరాబాదులో పుట్టి దేశమంతటికీ తెలిసిన కల్పితపాత్ర ఏదని అడిగితే మనం ఏ నవలానాయకుడి పేరూ చెప్పలేం. ఛోటా భీమ్ పేరే చెప్పవలసివస్తుంది. ఇష్టమున్నా లేకపోయినా అతని చరిత్ర మన చరిత్రలో భాగమే.

మాదాపూరులో సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. అమెరికాలో చదివి వచ్చిన రాజీవ్ చిలక 2001లో హైదరాబాదులోనే గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థను పెట్టారు. ఈ రెంటికీ ప్రత్యక్ష సంబంధం లేకపోవచ్చు. కాని కంప్యూటరు ముందు కూర్చుని పరాయిదేశాల పనిచేసే యువకులు ఒకచోట పోగుపడ్డ నగరంలో తప్ప అటువంటి సంస్థ బతకదు. ఆ సంస్థ 2004లో విక్రముడు-బేతాళుడు కథలను, తరువాత కృష్ణుడి కథలను టెలివిజనుకు తయారుచేసింది. 2008లో పోగో చానెలులో ఛోటా భీమ్ మొదలయింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. అమెరికాలో సూపర్‌మాన్ 1938లో కాగితంమీద పుట్టి, తరువాత రేడియోకీ తెరకూ ఎక్కాడు. మనవాడు ముందు తెరమీద పుట్టి, తరువాత కాగితంమీదికి దిగాడు. బొమ్మల పుస్తకం కథకు మూలం కాదు. బడిసంచీ, భోజనం డబ్బా, నీళ్లసీసాల వంటి వస్తువుల వరసలో అదీ ఒకటి. చదివే అలవాటునుంచి పుట్టిన వీరుడికీ, చూసే అలవాటునుంచి పుట్టిన వీరుడికీ తేడా ఉంటుంది. పుస్తకంలోని వీరుడిని పాఠకుడు పేజీపేజీకీ ఆగి తనలో కదిలించుకోవాలి. తెరమీది వీరుడు ముందే కదిలి ఉంటాడు. అటువంటివాడిని మళ్లీ అచ్చువేస్తే మిగిలేది జ్ఞాపికే గాని పఠనం కాదు.

పుట్టింది హైదరాబాదులోనైనా అతని ఊరు ఢోలక్‌పూర్, స్నేహితురాలు చుట్కీ, లడ్డూలు చేసే ఆవిడ టున్‌టున్ మౌసీ, పోటీదారు కాలియా. తెలుగు పిల్లవాడికి ఈ వీరుడు డబ్బింగులో దొరుకుతాడు. కారణం భాషాద్వేషం కాదు, సంత. హిందీ సంత పెద్దది. దానికి తగ్గ పేర్లు పెట్టారు. చందమామ ఇందుకు విరుద్ధంగా నడిచింది. 1947 జూలైలో మద్రాసులో తెలుగు, తమిళ భాషల్లో మొదలై, అక్కడినుంచి ఇతర భాషలకు వెళ్లింది.

భారత భీముడితో ఇతనికున్న చుట్టరికం బలమూ, ఆకలీ మాత్రమే. మూలంలోని భీముడికి ఆకలి ఎంతో కోపమూ అంతే. నిండుసభలో జరిగిన అవమానాన్ని అన్న సహించినా అతను సహించడు. ఈ కోపాన్ని తీసేస్తే మిగిలేది తిండిపోతు బాలుడు. ఒకసారి విరాటపర్వం చెబుతూ భీముడు వలలుడనే పేరుతో వంటశాలలో చేరాడన్నాను. "లడ్డూలకోసమేనా సార్?" అన్నాడొక విద్యార్థి. తరగతంతా నవ్వింది, నేనూ నవ్వాను. కీచకవధకు వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు.

ఛోటా భీమ్‌కు 2008లో ఎంత వయసో ఇప్పటికీ అంతే. 2019లో నెట్‌ఫ్లిక్సుకు చేసిన "మైటీ లిటిల్ భీమ్"లో ఇంకా వెనక్కి, మాటలురాని పసివాడయ్యాడు. మాటలే లేవు కనుక ఏ దేశానికైనా పంపవచ్చు. 2024లో మనుషులే నటించిన సినిమా వచ్చింది. చందమామ ధారావాహికల్లో సాహసయాత్ర ముగిస్తే వీరుడూ ముగిసేవాడు. ఆస్తిగా మారిన వీరుడు మాత్రం ఎదగకూడదు, ముగియకూడదు.

ఆస్తి అన్నాను కనుక సూపర్‌మాన్ సంగతి చెప్పాలి. అతన్ని సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు యువకులు 130 డాలర్లకు హక్కులు వదులుకున్నారు. కోర్టుల చుట్టూ తిరిగి ఓడిపోయారు. సంవత్సరానికి 20,000 డాలర్ల పింఛనూ, సృష్టికర్తలుగా పేరూ దక్కేసరికి 1975 వచ్చింది.

హైదరాబాదుకు ఇంకా విచిత్రమైన అనుభవం ఉంది. ఐరన్ మాన్ 1963లో అమెరికన్ పత్రికలో పుట్టాడు. ఆయుధాల వ్యాపారి. వియత్నాంలో కమ్యూనిస్టులకు చిక్కి, తప్పించుకోవడానికి ఉక్కుకవచం తొడుక్కుంటాడు. అప్పటి అమెరికా ప్రభుత్వం తన యుద్ధాన్ని గురించి తన పిల్లలకు చెప్పదలచినదంతా ఆ కథలో ఉంది. 2009లో ఆ వీరుడినే పదహారేళ్ల కుర్రవాడిని చేసి టెలివిజను ధారావాహిక తీస్తే, నిర్మాణ భాగస్వాముల్లో ఒకటి హైదరాబాదు సంస్థ డి.క్యూ. ఎంటర్‌టైన్‌మెంట్. వియత్నాం మాట ఆ కథలోంచి జారిపోయింది. ఆయుధాల వ్యాపారి కొడుకు చేతులూ కాళ్లూ కదపడం మన కుర్రవాళ్లకు ఉద్యోగమయింది. వాళ్లను తప్పుపట్టను, అద్దె కట్టుకోవాలి కద.

అయితే పాతకాలమంతా మంచిదని మురిసిపోవడానికీ వీల్లేదు. చందమామను 1952నుంచి 1980లో చనిపోయేదాకా తీర్చిదిద్దినవాడు కొడవటిగంటి కుటుంబరావు. మార్క్సిస్టు. అయినా సంపాదకుడిగా ఆయన పేరు పత్రికలో కనిపించేది కాదు. 1954లో "తోకచుక్క"తో మొదలుపెట్టి ఏళ్లతరబడి పిల్లల్ని నిద్రపోనివ్వని ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు అధికశాతం పాఠకులకు పెద్దయ్యాకగాని తెలియలేదు. చిత్రా, శంకర్ లాంటి చిత్రకారులకు బొమ్మకింద సంతకమైనా ఉండేది. ఢోలక్‌పూర్ బొమ్మలకు అదీ లేదు. ఒక్కొక్క బొమ్మ ఎందరి బల్లలమీదుగానో పోతుంది. ఎవరి గీత ఎవరిదో చెప్పడం కష్టం.

కష్టమే గాని అసాధ్యం కాదు. చందమామ వాళ్ల పేర్లను తవ్వితీసింది విశ్వవిద్యాలయాలు కాదు, పాత సంచికలు దాచుకున్న అభిమానులు. ఈసారి ఎం.ఏ. విద్యార్థులకు సిద్ధాంతవ్యాసాంశంగా ఇదివ్వవచ్చు: 2001నుంచి హైదరాబాదు స్టూడియోల్లో బొమ్మలు గీసినవారిని వెతికి, ఏ పాత్ర ఎవరి చేతిలో ఏ రూపం తీసుకుందో, ఎన్ని గంటలకు ఎంత జీతమిచ్చారో వాళ్ల నోటితోనే చెప్పించి రాయడం. ముందుకొచ్చేవారుంటే నా దగ్గరున్న పాత పుస్తకాలిస్తాను.